రాత్రి రిలే పరుగులో స్టీరింగ్ ముందు కూర్చునేది ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఏటా ఆగస్టు చివర్లో జరిగే హుడ్ టు కోస్ట్ రిలే పరుగులో ఇక్కడి తెలుగువారి జట్టు ఒకటి పాల్గొన్న విశేషాలను మీ ఆదివారం సంచికలో చదివి ఎంతో సంతోషించాను. పన్నెండు మంది ఫొటోలు, వారి సొంత ఊళ్లు, చేసే ఉద్యోగాలు, ఎవరెవరు ఎంతెంత దూరం పరుగెత్తిందీ శ్రద్ధగా ప్రచురించారు. అయితే ఆ పన్నెండు మందినీ రెండు వ్యాన్లలో ఎక్కించుకుని ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు కొండదారుల్లో తిప్పింది ఎవరన్నది మాత్రం వ్యాసంలో ఎక్కడా కనబడలేదు. ఈ పరుగులో పాల్గొన్న అనుభవమూ, పరుగెత్తని ఏడాది రాత్రిపూట వాలంటీరుగా రోడ్డు పక్కన నిలబడిన అనుభవమూ ఉన్నందువల్ల నాకు అది చిన్న లోటుగా అనిపించలేదు. రాత్రి రిలేలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పరుగెత్తేవారి కాళ్లకు కాదు, వ్యాను నడిపేవారి కళ్లకు పొంచి ఉంటుంది. పరుగెత్తేవారే వంతులవారీగా వ్యాను నడుపుకునే పద్ధతిని మన జట్లు మానుకోవాలని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పరుగు తీరు తెలియని పాఠకుల కోసం కొంత వివరం అవసరం. 1982లో ఒరెగాన్ రోడ్ రన్నర్స్ క్లబ్ అధ్యక్షుడిగా ఉన్న బాబ్ ఫుట్ ఎనిమిది జట్లతో దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు వెయ్యికి పైగా జట్లు వస్తున్నాయి. మౌంట్ హుడ్ పర్వతం మీద సుమారు ఆరు వేల అడుగుల ఎత్తున ఉన్న టింబర్‌లైన్ లాడ్జి దగ్గర బయలుదేరి, పోర్ట్‌లాండ్ నగరం మీదుగా, కోస్ట్ రేంజ్ అనే కొండల వరుసలోని అడవుల్లోంచి పసిఫిక్ తీరాన ఉన్న సీసైడ్ అనే ఊరి ఇసుక దాకా దాదాపు 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల దూరం. దీన్ని 36 భాగాలు చేస్తారు. ఒక్కో భాగాన్ని లెగ్ అంటారు. జట్టులోని పన్నెండు మందీ వరుసగా ఒక్కొక్కరు మూడేసి లెగ్‌లు పరుగెత్తాలి. మొదటి ఆరుగురు ఒక వ్యానులో, తక్కిన ఆరుగురు రెండో వ్యానులో ఉంటారు. ఒక వ్యానులోని ఆరుగురూ పరుగు ముగించేదాకా రెండో వ్యానుకు విరామం. పరుగెత్తే మనిషి ఏ క్షణంలోనైనా ఒక్కరే. వ్యాను మాత్రం అతన్ని దాటి ముందుకు వెళ్లి, తరువాతి ఎక్స్‌చేంజ్ దగ్గర, అంటే ఒకరు ఇంకొకరికి పరుగు అప్పగించే చోట, అతనికోసం కాచుకుని ఉండాలి. నెమ్మదిగా పరుగెత్తే జట్లను శుక్రవారం తెల్లవారుజామునుంచే వదులుతారు, వేగంగా పోయేవారిని మధ్యాహ్నం వదులుతారు. 1995లో ఒక జట్టు 15 గంటల 44 నిమిషాల్లో ఈ దూరాన్ని ముగించింది. మనలాంటి ఉద్యోగస్థుల జట్లకు 28 నుంచి 32 గంటలు పడుతుంది. పరుగు కష్టమంతా పన్నెండు మంది పంచుకుంటారు గనుక ఇది మారథాన్ కన్నా తేలిక అనుకునేవారు ఉన్నారు. కాళ్ల వరకైతే అది కొంత నిజమే.

నిద్ర లెక్క వేరు. ఉదయం ఏడు గంటలకు కొండమీద బయలుదేరే జట్టునే తీసుకుందాం. మొదటి వ్యానులో ఉన్నవారు పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్‌లోనో హిల్స్‌బరోలోనో తెల్లవారుజామున మూడు గంటలకు లేవాలి. ముందురోజు రాత్రి సామాన్లు సర్దుకోవడంతో, ఉద్వేగంతో పట్టే నిద్ర ఎలాగూ అంతంతమాత్రమే. మధ్యాహ్నం పన్నెండు దాటాక వారి మొదటి విడత ముగుస్తుంది. అప్పటినుంచి సాయంత్రం ఆరు గంటల దాకా విరామమని కాగితం మీద ఉంటుంది. ఆ విరామంలోనే తినాలి, కాళ్లు సాగదీసుకోవాలి, తరువాతి చోటికి నగరపు ట్రాఫిక్‌లో వెళ్లి వ్యాను నిలపడానికి చోటు వెతుక్కోవాలి. ఎండపూట వ్యానులో ఎవరికీ నిద్ర పట్టదు. సాయంత్రం ఆరునుంచి రాత్రి పదకొండు దాకా రెండో విడత. రాత్రి పదకొండు గంటలకు సెయింట్ హెలెన్స్ అనే ఊరి దగ్గర రెండో వ్యానుకు పరుగు అప్పగించేసరికి మొదటి వ్యానులో ఉన్నవారు లేచి ఇరవై గంటలు. నడిపే మనిషి ఈలోగా రెండు లెగ్‌లు పరుగెత్తి ఉంటాడు. అప్పుడు అతను చేయవలసిన పని ఏమిటంటే, దీపాలు లేని అడవి రోడ్డు మీద, మలుపు మలుపుకూ పరుగెత్తేవారు ఎదురయ్యే దారిలో, మిస్ట్ అనే చిన్న ఊరి వైపు వ్యాను నడపడం. అక్కడికి చేరి, పొలంలో పడక వేసుకుని రెండు గంటలో, మూడు గంటలో కన్ను మూసి, నాలుగు గంటలకు మళ్లీ లేవాలి.

మెలకువగా ఉన్న గంటలకూ, మద్యం మత్తుకూ ఉన్న పోలికను వైద్యశాస్త్రం ఎప్పుడో లెక్కగట్టింది. పదిహేడు గంటలు వరుసగా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని, ఇరవైనాలుగు గంటలైతే 0.10 శాతంతో సమానమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రజలకు చెబుతున్న లెక్క. ఒరెగాన్‌లో 0.08 శాతంతో బండి నడిపితే నేరం. మన దేశపు మోటారు వాహనాల చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితే చాలు, నేరమే. ఒక్క బీరు తాగిన స్నేహితుణ్ణి వ్యాను నడపనివ్వని మనవాళ్లు, ఇరవై గంటలు నిద్రలేని స్నేహితుడి చేతికి తాళాలు ఇచ్చి, వెనక సీట్లలో ఐదుగురు పడుకుంటున్నారు. ఆ స్నేహితుణ్ణి నేను తప్పుపట్టడం లేదు. అతను అడిగి తీసుకున్న పని కాదది. మిగతా అందరూ అలసిపోయారని, తనకు ఇంకా ఓపిక ఉందని చెప్పి తీసుకున్న పని. మంచితనం వల్ల వచ్చిన ప్రమాదం కాబట్టే దీన్ని గుర్తించడం కష్టమవుతోంది.

వాలంటీరుగా ఉన్న రాత్రి నేను చూసిన ఒక దృశ్యం చెప్పవలసి ఉంది. కోస్ట్ రేంజ్ అడవిలోని ఒక ఎక్స్‌చేంజ్ అది. సమయం తెల్లవారుజామున మూడు గంటలు. పొలమంతా వ్యాన్లు, వాటి దీపాల వెలుగులో లేచిన ధూళి, గడ్డి మీద మంచుకు తడిసిన నిద్రసంచుల్లో మనుషులు. రోడ్డు మీద కొంత ముందుగా నిలబడిన వాలంటీరు, వచ్చేవారి ఛాతీ మీది నంబరు చూసి రేడియోలో చెబుతాడు. ఇక్కడ ఇంకొకరు దాన్ని మైకులో గట్టిగా చదువుతారు. ఆ నంబరు వినగానే జట్టులోని తరువాతి మనిషి గీత దగ్గరికి రావాలి. వచ్చినవారు మణికట్టు మీది పట్టీని తీసి ఇతని మణికట్టుకు చరుస్తారు, అంతే, పరుగు చేతులు మారినట్టు. మా పని దారి ఖాళీ చేయించడం. ఒక వ్యాను గేటు దగ్గర ఇంజను నడుస్తూ ఆగి ఉంది. కదలమని దీపం ఊపాను. కదలలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే నడిపే ఆయన మెరుపు జాకెట్టు, అంటే దీపం వెలుగు పడితే మెరిసేది, ఇంకా ఒంటిమీదే ఉంది, మెడచుట్టూ తడి తువ్వాలు, రెండు చేతులూ స్టీరింగ్ మీద, కళ్లు తెరిచే ఉన్నాయి. కిటికీ తట్టాను. రెండోసారి గట్టిగా తట్టేదాకా ఆయనకు వినబడలేదు. తరువాత తల ఊపి, సారీ చెప్పి, వ్యానును ముందుకు పోనిచ్చారు. ఆయన నిద్రపోయానని ఒప్పుకోలేదు, ఆయనకు తెలియదు కూడా. కొద్ది సెకన్ల పాటు మెదడు నిద్రలోకి జారినప్పుడు కళ్లు మూసుకోవాలన్న నియమం లేదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే వ్యాను అలాంటి నాలుగు సెకన్లలో సరిగ్గా వంద మీటర్లు నడిపేవారు లేకుండా పోతుంది. ఆ వంద మీటర్లలో రోడ్డు అంచున తలదీపం పెట్టుకుని పరుగెత్తేవారు ఒకరో ఇద్దరో ఉంటారు.

పరుగెత్తేవారి రక్షణ విషయంలో నిర్వాహకులు చాలా జాగ్రత్తగా ఉంటారని చెప్పడం న్యాయం. చీకటి వేళల్లో మెరుపు జాకెట్టు, తలదీపం, మిణుకుమిణుకుమనే ఎర్ర లైట్లు లేకుండా ఎవరినీ రోడ్డెక్కనివ్వరు. వ్యాన్లు నిలిపే చోట నేలమీద పడుకోవద్దని పదేపదే చెబుతారు. చీకట్లో వ్యానును వెనక్కి తీసేవారికి నేలమీద పడుకున్నవారు కనబడరు గనుక అది మంచి నియమం. కానీ జాకెట్టు వేసుకున్నదీ లేనిదీ గేటు దగ్గర చూడవచ్చు. నడిపే మనిషి ఎన్ని గంటలు నిద్రపోయాడో చూడటానికి ఏ గేటూ పనికిరాదు. అది జట్టు కెప్టెను ఇంటి దగ్గరే తేల్చుకోవలసిన సంగతి.

మనవాళ్లు సాధారణంగా చెప్పే ఉపాయాలు మూడు. ఒకటి కాఫీ. కాఫీ తాగిన ఇరవై, ముప్ఫై నిమిషాలకు గానీ పనిచేయదు, పనిచేసినా నిద్ర బాకీని తీర్చదు, వాయిదా వేస్తుంది. రెండోది కునుకు. ఇరవై నిమిషాల కునుకు నిజంగా మేలు చేస్తుంది, కానీ లేచిన వెంటనే పావుగంట నుంచి అరగంట దాకా మనిషి మందంగా ఉంటాడు. రిలేలో ఏం జరుగుతుందంటే, పడుకున్న మనిషిని కిటికీ తట్టి లేపి, లేచిన రెండు నిమిషాలకే వ్యాను తీయమంటారు. మూడోది ముఖం మీద చన్నీళ్లు. మన జాతీయ రహదారుల మీద తెల్లవారుజామున పోలీసులు లారీలను, బస్సులను ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మనందరికీ తెలుసు. అది మంచి పనే, ఎందుకంటే ఆ నీళ్లకన్నా ఆ ఆగడం, దిగడం, నాలుగడుగులు వేయడం మేలు చేస్తాయి, పక్కన పడుకోవాలనిపిస్తే పడుకోవచ్చు. కానీ దాని ఫలితం కాసేపే. శరీరం లోపలి గడియారం ప్రకారం రాత్రి రెండు గంటలనుంచి ఆరు గంటల దాకా నిద్ర ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ. సరిగ్గా ఆ గంటల్లోనే జట్లు కోస్ట్ రేంజ్ దాటుతుంటాయి. చాలాచోట్ల ఫోన్లు కూడా పనిచేయవు. వ్యాను గుంటలో దిగితే చెప్పుకోవడానికి కూడా సిగ్నల్ ఉన్న చోటికి ఎవరో వెళ్లాలి.

అమెరికాలో సరుకు లారీ నడిపేవారికి చట్టం ఉంది. వరుసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే బండెక్కాలి, పని మొదలుపెట్టిన పద్నాలుగో గంట దాటాక నడపకూడదు, ఆ పద్నాలుగింటిలో కూడా నడిపేది పదకొండు గంటలకు మించకూడదు. జీవితమంతా అదే పని చేసేవారికి, పగలంతా కూర్చుని ఉండేవారికి పెట్టిన హద్దు ఇది. ఎండలో పది కిలోమీటర్లు, చీకట్లో ఇంకో పది కిలోమీటర్లు పరుగెత్తి, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, పిక్కలు పట్టేసిన మనిషికి ఆ పాటి హద్దయినా ఉండకూడదా? బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు పిక్క పట్టేస్తే ఏమవుతుందో పరుగెత్తే ప్రతివారికీ తెలుసు.

అందువల్ల జట్టు అంటే పన్నెండు మంది కాదు, పద్నాలుగు మంది అని మొదటిరోజే రాసుకోవాలని నా మనవి. వ్యానుకొకరు చొప్పున ఇద్దరు, పరుగెత్తనివారు, నడపడానికే వచ్చేవారు ఉండాలి. వారు ముందురోజు రాత్రి ఎనిమిది గంటలు పడుకుని ఉండాలి. తమ వ్యానుకు విరామం వచ్చినప్పుడు సామాన్లు దించడం, వంటలు వడ్డించడం, ఫొటోలు తీయడం లాంటి పనులేవీ వారికి చెప్పకూడదు. అందరికన్నా ముందు వారే పడుకోవాలి, అదీ నిశ్శబ్దంగా ఉన్న చోట. కుదిరితే వ్యానుకు ఇద్దరేసి ఉంటే ఇంకా మంచిది, రాత్రి ఒకరు, పగలు ఒకరు. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాల్లో ఇలాంటివారు దొరకరని నేననుకోను. పరుగు మీద ఆసక్తి లేకపోయినా ఆ సందడి చూడాలనుకునే భార్యలు, భర్తలు, అన్నదమ్ములు, సహోద్యోగులు ఎందరో ఉన్నారు. దొరకనిది వారికి ఇవ్వవలసిన గౌరవం. పరుగెత్తినవారికి పతకాలు, టీషర్టులు, పత్రికలో ఫొటో. నడిపినవారికి పెట్రోలు బిల్లు లెక్క. వారి పేరు కూడా జట్టు జాబితాలో, అదే అక్షరాల్లో, అదే వరుసలో ఉంటే వచ్చే ఏడాది అడక్కుండానే ముందుకు వస్తారు. ఈ విషయంలో మీ పత్రిక చేయగలిగినది చాలా ఉంది.

సీసైడ్ నుంచి ఇంటికి తిరిగి రావడం గురించి కూడా ఒక మాట. జట్టంతా ఇసుకలో చేయిచేయి పట్టుకుని చివరి గీత దాటాక, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పులిహోర, పెరుగన్నం డబ్బాలు విప్పాక, కడుపు నిండాక, పని అయిపోయిందన్న నిశ్చింత కమ్ముతుంది. కానీ పోర్ట్‌లాండ్‌కు ఇంకా 130 కిలోమీటర్లు ఉంది, కొండ మలుపుల 26వ నంబరు రోడ్డు మీద. పరుగు ముగిసింది కాబట్టి నియమాలు, జాకెట్లు, వాలంటీర్లు ఎవరూ లేరు. మనిషి లేచి ముప్ఫై ఆరు గంటలు దాటింది, మధ్యలో దొరికింది మూడు గంటల నిద్ర, పైగా అన్నం తిన్న మత్తు. రాత్రి అడవికన్నా నాకు ఈ శనివారం సాయంత్రమే ఎక్కువ భయం. ఆ రాత్రికి అక్కడే ఉండిపోవడానికి గదులు నెలల ముందే తీసుకోవాలి, లేదా పరుగుతో సంబంధం లేనివారు కార్లలో వచ్చి తీసుకుపోవాలి. జట్టు ఖర్చుల్లో మొదట రాసుకోవలసిన ఖర్చు ఇది.

ఇక మీ వ్యాసం చివర, విశాఖనుంచి అరకు దాకానో, హైదరాబాదునుంచి శ్రీశైలం దాకానో ఇలాంటి రాత్రి రిలే మన దగ్గర కూడా పెడితే బాగుంటుందని జట్టు సభ్యులు ఒకరు అన్నట్టు రాశారు. ఆ కోరిక నాకూ ఉంది. హైదరాబాద్ మారథాన్‌కూ, విశాఖలో నౌకాదళం నిర్వహించే మారథాన్‌కూ వచ్చే జనాన్ని చూస్తే పరుగెత్తేవారికి కొదవలేదు. కానీ ఈ రెండు దారులూ ఘాట్ రోడ్లు, అడవి దారులు. నల్లమలలో రాత్రిపూట వన్యప్రాణుల కోసం రాకపోకలే ఆపుతారు. అనంతగిరి మలుపుల్లో పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందో చలికాలంలో వెళ్లినవారికి తెలుసు. వ్యాన్లతో ముడిపడిన హుడ్ టు కోస్ట్ పద్ధతిని అక్కడికి తెచ్చిపెట్టడం నాకు ఇష్టం లేదు.

రాత్రి రిలేకు వ్యాన్లు తప్పనిసరి ఏమీ కాదు. ఫిన్లాండులో 1949 నుంచి జరుగుతున్న యుకోలా రిలేలో జట్టుకు ఏడుగురు. జూన్ నెల శనివారం రాత్రి పదకొండు గంటలకు మొదలవుతుంది. మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తులు వెతుక్కుంటూ పరుగెత్తి, బయలుదేరిన మైదానానికే తిరిగి వచ్చి తరువాతివారికి అప్పగిస్తారు. వేలాదిమంది ఒకేచోట గుడారాల్లో ఉంటారు, తమ వంతు వచ్చేదాకా పడుకుంటారు. రాత్రంతా ఎవరూ బండి నడపరు. అమెరికాలోనే రాగ్నార్ సంస్థ కొన్ని పరుగులను ఇదే తీరులో పెడుతోంది. ఒకే శిబిరం చుట్టూ మూడు వేర్వేరు బాటలు, జట్టులో ఎనిమిది మంది, ఒక్కొక్కరు మూడు బాటలూ ఒక్కోసారి చుట్టి రావాలి. అలసినవారు గుడారంలోకి వెళ్లి పడుకుంటే సరిపోతుంది.

పొడుగాటి దారిలో రాత్రింబగళ్లు జరిగే రిలేను జపానులో మొదట నిర్వహించింది ఒక దినపత్రికే. రాజధాని టోక్యోకు మారి యాభై ఏళ్లయిన సందర్భంగా 1917 ఏప్రిల్ 27న యోమియురి పత్రిక క్యోటో నుంచి టోక్యోకు 508 కిలోమీటర్ల పరుగు పెట్టింది. దాన్ని 23 భాగాలు చేసి, పాత రాజమార్గంలోని మజిలీ ఊళ్లలో పరుగెత్తేవారిని నిలిపింది. అప్పటినుంచి ఆ దేశంలో ఎకిడెన్ అనే పేరుతో ఈ పరుగు పెద్ద సంప్రదాయమైంది. మన ప్రాంతంలో మొదటి రాత్రి రిలేను మీ పత్రికే తలపెడితే, పెద్ద చెరువు గట్టునో, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనో, వాహనాలు ఆపగలిగిన ఐదారు కిలోమీటర్ల చుట్టుబాట ఒకటి చాలు. శీతాకాలంలో, పున్నమికి దగ్గరి శనివారం పెట్టుకోవచ్చు. మధ్యలో గుడారాలు, తాగునీరు, వైద్యుడు, ఆడవారికి విడిగా పడుకునే చోటు, మర్నాడు ఉదయం అందరినీ ఇళ్లకు చేర్చడానికి రాత్రి హాయిగా నిద్రపోయిన డ్రైవర్లతో బస్సులు ఉండాలి. అలా పెడితే వాలంటీరుగా రాత్రంతా నిలబడటానికి నేను సెలవు పెట్టుకుని వస్తాను.

ఇక్కడ వచ్చే ఏడాదికి జట్లు కట్టే మాటలు అప్పుడే మొదలయ్యాయి. కెప్టెన్లు పేర్లు ఖరారు చేసుకునేలోగా ఈ ఉత్తరం వారి కంట పడేలా ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
హిల్స్‌బరో, ఒరెగాన్